గోల్ కొట్టినవాడొక్కడే ఆటగాడా? జెలిన్‌స్కీ గురించి గట్టిగానే చెప్పాలి

నిన్న రాత్రి మా ఫుట్‌బాల్ గ్రూపులో ఒకాయన పోలండ్ మిడ్‌ఫీల్డర్ పియోటర్ జెలిన్‌స్కీ గోల్స్ పట్టిక స్క్రీన్‌షాట్ పెట్టాడు. కింద ఒక్క ముక్క: "ఇన్నేళ్ళు ఆడి ఇంతేనా? ఓవర్‌రేటెడ్." దానికి వరసపెట్టి లైకులు. ఒళ్ళు మండిపోయింది. అక్కడ రాస్తే గ్రూపు రెండుగా చీలిపోతుందని ఇక్కడ రాస్తున్నాను. చదివేవాళ్ళు చదవండి.

మిడ్‌ఫీల్డర్‌ని గోల్స్ పట్టికతో కొలిచే జబ్బు ఈ ఫాంటసీ యాప్‌లు వచ్చాక బాగా ముదిరింది. గోల్‌కి పాయింట్లు, అసిస్ట్‌కి పాయింట్లు. ఆ అసిస్ట్ ఇచ్చినవాడికి బంతి అందించినవాడికి ఏమీ లేదు. ఇద్దరు మీద పడుతుంటే ఒక్క టచ్‌తో పక్కకి తిరిగి, ఎవరూ చూడని ఖాళీలోకి బంతి పంపినవాడు లెక్కలోనే ఉండడు. మ్యాచ్ చూడరు, రెండు నిమిషాల హైలైట్స్ చూస్తారు, ఆపైన తీర్పులిస్తారు.

సరే, ఆ హైలైట్స్ లెక్కలోనే మాట్లాడదాం. 2022 సెప్టెంబర్ 7, అప్పట్లో ఇతను ఆడుతున్న ఇటలీ క్లబ్ నపోలి 4, లివర్‌పూల్ 1. అందరికీ నపోలి వింగర్ క్వారాత్‌స్ఖేలియా పరుగులు గుర్తున్నాయి, మోకాళ్ళ మీద కూర్చుని ఏడ్చిన స్ట్రైకర్ సిమియోనే గుర్తున్నాడు. అయిదో నిమిషంలో పెనాల్టీ వేసింది ఎవరు? జెలిన్‌స్కీ. సహచరుడు అంగీసా గోల్‌కి ముందు బంతి అందుకుని, తిరిగి సరిగ్గా అతని పరుగులోకే పెట్టింది ఎవరు? జెలిన్‌స్కీ. రెండో సగం మొదలైన కాసేపటికే బాక్స్‌లోకి దూసుకెళ్ళి కొట్టాడు. అలిసన్ ఆపాడు. వెనక్కొచ్చిన బంతిని, మామూలు ఆటగాడైతే కంగారులో బలంగా బాదేసేవాడు. ఇతను కింద పడి ఉన్న గోల్‌కీపర్ మీదుగా మెల్లగా ఎత్తి వేశాడు. ఆ నిబ్బరం ఏ పట్టికలో కనిపిస్తుంది? పైగా అదే లివర్‌పూల్‌కి 2016లో కోచ్ క్లాప్ ఇతన్ని తీసుకోవాలని చూశాడని అప్పట్లో పేపర్లన్నీ రాశాయి.

పోలండ్‌లోని లూబిన్ నుంచి 2011లో ఇటలీ క్లబ్ ఉడినేజేకి వచ్చినప్పుడు అతనికి 17 ఏళ్ళు. పరాయి దేశం, పరాయి భాష, బెంచి మీద నెలలు. ఇంకో ఇటలీ క్లబ్ ఎంపోలికి లోన్ మీద పంపితే అక్కడ కోచ్ సార్రీ చేతిలో పడ్డాడు, రాటుదేలాడు. 2016లో నపోలి. ఎనిమిది సీజన్లలో ఏడుగురు కోచ్‌లు మారారు. సార్రీ దగ్గర ఎడమ పక్క ఇన్‌సైడ్ మిడ్‌ఫీల్డర్, గట్టూసో దగ్గర స్ట్రైకర్ వెనక, స్పల్లెట్టి దగ్గర మళ్ళీ ముగ్గురిలో ఒకడు. ఎక్కడ నిలబెడితే అక్కడ ఆడాడు. 91 పాయింట్లు తెచ్చుకున్నా టైటిల్ రాని ఆ 2017-18 సీజన్ అంతా ఒకటే తంతు. రెండో సగం మధ్యలో బోర్డు లేస్తుంది, కెప్టెన్ హామ్‌షిక్ బయటికి, జెలిన్‌స్కీ లోపలికి. ఇంకో క్లబ్ అయితే నేరుగా జట్టులో పెట్టుకునేవాళ్ళు. ఒక్కసారి కూడా మూతి ముడుచుకున్న ఫోటో బయటికి రాలేదు. 350కి పైగా మ్యాచ్‌లు, 50 దాటిన గోల్స్, 2020లో ఇటలీ కప్పు కోపా ఇటాలియా, 2023లో నగరం 33 ఏళ్ళు ఎదురుచూసిన స్కుడెట్టో, అంటే ఇటలీ లీగ్ టైటిల్. ఆ టైటిల్ ఖాయమైంది కూడా ఉడినేజే సొంత ఊరు ఉడినేలోనే. 17 ఏళ్ళ కుర్రాడిగా ఇటలీలో అడుగుపెట్టిన ఊరు.

ఇక నాకు ఇప్పటికీ మింగుడుపడని సంగతికి వస్తాను. 2023 వేసవిలో సౌదీ అల్ అహ్లీ నుంచి భారీ ఆఫర్ వచ్చిందని ఇటలీ పత్రికలు రాశాయి. డబ్బు కుప్పలు. వెళ్ళలేదు, నపోలిలోనే ఉన్నాడు. కాంట్రాక్టు మాత్రం పొడిగించుకోలేదు, మిలాన్ క్లబ్ ఇంటర్‌కి వెళ్తున్నాడని వార్తలు వచ్చాయి. ఆటగాడికి ఆ హక్కు ఉంది, నిబంధనలే ఇచ్చాయి. దానికి నపోలి వాళ్ళు ఏం చేశారు? 2024 ఫిబ్రవరిలో ఛాంపియన్స్ లీగ్ నాకౌట్ జాబితాలోంచి అతని పేరు తీసేశారు. బార్సిలోనాతో మ్యాచ్! ఎనిమిదేళ్ళు చాకిరీ చేసినవాడు అలాంటి రెండు మ్యాచ్‌లనీ పక్కన కూర్చుని చూడాలి. ఇంట్లో 1-1, అక్కడికి వెళ్ళి 3-1తో ఓటమి. లీగ్‌లో పదో స్థానం. డిఫెండింగ్ ఛాంపియన్! "వ్యాపారం కదా, వెళ్ళిపోయేవాడి మీద ఎందుకు ఆధారపడతారు" అని నాతో వాదించినవాళ్ళు ఉన్నారు. మధ్యలో బంతి పట్టుకుని నిలబడేవాడి కోసం జట్టంతా దిక్కులు చూస్తుంటే ఆ వ్యాపారంలో లాభం ఎవరికి? వెళ్ళిపోతాననడం తప్పయితే, ఏడాదికో కోచ్‌ని మార్చడం ఏమిటి?

ఇంటర్‌కి వెళ్ళాక 2024 అక్టోబర్‌లో యువెంటస్‌తో 4-4 అయిన మ్యాచ్‌లో రెండు పెనాల్టీలూ అతనివే. ఆ సీజన్ చివర్లో ఒకే ఒక్క పాయింట్ తేడాతో టైటిల్ నపోలికి పోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

క్లబ్బుల మాట అటుంచండి, సొంత దేశం మాత్రం ఏం వెలగబెట్టింది? నపోలిలో బంతి అతని కాళ్ళ దగ్గరికి వచ్చేది. పోలండ్ జట్టులో అతని తల మీదుగా పోయేది. 2022 ప్రపంచ కప్ చూడండి. కోచ్ మిఖ్నేవిచ్ జట్టు వెనక కోట కట్టుకుని, దొరికిన బంతినల్లా స్ట్రైకర్ లెవాండోవ్‌స్కీ వైపు బాదడమే. ఇటలీ లీగ్‌లో ఆ సీజన్‌లో అంత బాగా ఆడుతున్న మిడ్‌ఫీల్డర్‌ని చేతిలో పెట్టుకుని అతనితో కాపలా కాయించారు. అలాంటి ఆటలోనూ సౌదీ అరేబియా మీద మొదటి గోల్ అతనిదే. లెవాండోవ్‌స్కీ గీత దగ్గర కష్టపడి వెనక్కి తోసిన బంతిని గోల్ పైకప్పులోకి పంపాడు. మర్నాడు పేపర్ల నిండా లెవాండోవ్‌స్కీ కన్నీళ్ళే, ప్రపంచ కప్‌లో అతని తొలి గోల్ అని. ఆయన మీద నాకు కోపం లేదు, అంత గొప్ప స్ట్రైకర్ ఆ కన్నీళ్ళకి అర్హుడే. కానీ ఆ మ్యాచ్‌కి తలుపు తెరిచింది ఎవరో చెప్పడానికి ఒక్క వాక్యం చాలదా?

2025 జూన్‌లో అయితే మరీ అన్యాయం. కోచ్ ప్రోబ్యెష్ లెవాండోవ్‌స్కీ నుంచి కెప్టెన్సీ తీసి జెలిన్‌స్కీకి ఇచ్చాడు. అదీ ఫోన్ చేసి చెప్పాడని లెవాండోవ్‌స్కీ భగ్గుమన్నాడు, ఈ కోచ్ ఉన్నంతకాలం ఆడనన్నాడు. హెల్సింకీలో ఫిన్లాండ్ చేతిలో 2-1. రెండు రోజులకి కోచ్ రాజీనామా. కొత్త కోచ్ యాన్ ఉర్బాన్ వచ్చాక కెప్టెన్ పట్టీ మళ్ళీ లెవాండోవ్‌స్కీ చేతికే. వాళ్ళిద్దరి గొడవలో ఇతన్ని కూరలో కరివేపాకు చేశారు. ఇటలీలో పదేళ్ళకి పైగా నిలదొక్కుకున్నవాడికి దక్కిన కెప్టెన్సీ అది. దాన్ని గౌరవంగా, అందరితో మాట్లాడి ఇచ్చి ఉండొచ్చు. జట్టు కొంపలో నిప్పు రాజేసి, ఆ మంటల్లో చేతికి పట్టీ కట్టారు. తీసేశాక కూడా అతను మారు మాట్లాడకుండా వచ్చి మిడ్‌ఫీల్డ్‌లో తన పని తాను చేసుకున్నాడు. నోరున్నవాడిదే రాజ్యం అయిన చోట ఆ మౌనాన్ని చేతకానితనం అనేవాళ్ళతో నేను ఎంత రాత్రయినా వాదిస్తాను, కామెంట్లు తెరిచే ఉంచాను, రండి.