అంతర్జాతీయ సహకారం గారికి, యూరియా సంచి సహితంగా

మహారాజశ్రీ అంతర్జాతీయ సహకారం గారి దివ్య సముఖానికి, కావలికి తూర్పున ఇసకలో ఉన్న ఒక పట్టపుపాళెం (మా పట్టపు జాలర్ల పల్లె) నుంచి నమస్కరించి రాసుకునేది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు క్షేమమని నిన్న ఫ్లెక్సీలో చూశాం.

నిన్న జూన్ 5, తమరి పండగ. చేపల దొంగ వేట మీద పోరాడే అంతర్జాతీయ దినమట. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కాబట్టి మేమంతా కొంపల్లోనే ఉంటామని, కుర్చీలు నిండుతాయని ఎవరో బాగానే లెక్కేశారు. అసలు వేటే లేని రోజుల్లో దొంగ వేట మీద సభ! పస్తున్నోడి ముందు కూర్చుని అజీర్తికి మందు చెప్పినట్టుంది.

మూడింటికి రమ్మన్నారు. కార్లు వచ్చేసరికి అయిదుంబావు. అంతసేపూ షామియానా కింద చెమటలు కారుస్తూ ఫ్లెక్సీ మీది చేపనే చూస్తూ కూర్చున్నాం. ఎర్రగా, ముక్కు వంకరగా ఉంది. సముద్రంలోనే పుట్టి పెరిగినట్టుండే మా తాత కూడా దాన్ని పోల్చలేకపోయాడు. "చలిదేశం చేపరా అబ్బయ్యా, మీటింగుకని వచ్చుంటది" అన్నాడు.

తమరి ఘనత అంతా చదివి వినిపించారు. దొంగ వేట వల్ల ఏటా 2.6 కోట్ల టన్నుల దాకా చేప పోతోందని ఐక్యరాజ్యసమితి లెక్క. దొంగ సరుకు మోసుకొచ్చిన పరాయి ఓడని రేవులోకి రానివ్వకుండా 2009లో ఒప్పందం రాసుకుంటే, అది 2016 జూన్ 5న అమల్లోకి వచ్చిందట. ఆ తారీఖే పండగ. దొంగ వేటకి సబ్సిడీలు ఇవ్వబోమని 2022లో జెనీవాలో ఇంకో ఒప్పందం, అది అమల్లోకి రావడానికి 2025 సెప్టెంబరు దాకా పట్టింది. మూడేళ్ళు. పోనీలే, మా నాయన పెట్టుకున్న వలల సబ్సిడీ అర్జీ కన్నా అదే నయం. హిందూ మహాసముద్రంలో ఏ ఓడ ఎక్కడ తిరుగుతోందో కనిపెట్టే కేంద్రం 2018 నుంచి గురుగ్రామ్‌లో నడుస్తోందని కూడా చెప్పారు. గురుగ్రామ్‌లో! అక్కడ సముద్రం ఉంటే మాకూ చెప్పండి, వేటకి పోతాం.

సరే, ఇదంతా మంచిదే. మా ఇంటి సంగతి వినండి.

మాఘమాసంలో ఒక రాత్రి మా నాయన, చిన్నాయన ఫైబర్ బోటు మీద పోయి వల విడిచారు. ఒడ్డు నుంచి అయిదారు కిలోమీటర్లు ఉంటుందేమో, ఇంటి దగ్గరి లైట్లు కనబడేంత దూరం. 8 కిలోమీటర్ల లోపల మరబోట్లు వేట చెయ్యకూడదని మన రాష్ట్రం 1994లోనే చట్టం చేసింది. ఆ ధీమాతోనే నాయన కాస్త నడుం వాల్చాడు. రెండింటప్పుడు ఇంజను మోత. తమిళనాడు సోనా బోటు, పెద్ద మరబోటు. లైటు కూడా లేకుండా వల మీదుగా దున్నుకుంటూ పోయింది. చిన్నాయన అరవంలోనే తిట్టాడు. మా పట్టపోళ్ళ ఇళ్ళల్లో మాట్లాడేది అరవంలాంటి భాషే కదా, అవతలోళ్ళకి ప్రతి ముక్కా అర్థమయ్యే ఉంటుంది. దుబాసీ ఖర్చు లేని అంతర్జాతీయ చర్చలు! వాళ్ళు నవ్వి వెళ్ళిపోయారు.

టార్చిలైటు వెలుతురులో బోటు నంబరు సగమే కనిపించింది. మొదట ఐఎన్‌డీ, తర్వాత టీఎన్. అక్కడే వచ్చింది చిక్కంతా. ముందు ఇండియా అని ఉంది కాబట్టి తమరు రారు. తర్వాత తమిళనాడు అని ఉంది కాబట్టి ఇక్కడోళ్ళు రారు. అదే చైనా బోటో, శ్రీలంక బోటో అయ్యుంటే ఉపగ్రహాలు తిరిగేవి, ఢిల్లీలో ఫోన్లు మోగేవి, తమరు కోటు తొడుక్కుని పరిగెత్తుకొచ్చేవారు. పక్కింటోడు దోచుకుంటే మాత్రం ఏ ఒప్పందమూ మా గుమ్మం దాకా రాదు.

లక్షా పది వేల రూపాయల వల. నూటికి మూడు రూపాయల వడ్డీ. దొరికింది వలని తేల్చే బెండ్లు నాలుగు, ఒక బారెడు పీలిక. ఆ పీలికని నాయన యూరియా సంచిలో వేసుకుని నాలుగు నెలల్లో నాలుగు ఆఫీసులు తిరిగాడు. ఒకాయన ఫొటో తెమ్మన్నాడు. ఇంకొకాయన పూర్తి నంబరు ఉంటేనే కాగితం తీసుకుంటానన్నాడు. సముద్రం మధ్యలో, చీకట్లో, వల పోతుంటే మా నాయన బోటు ఆపి నంబరు రాయించుకోవాలన్నమాట!

నిన్న సభకీ ఆ సంచి తెచ్చాడు. ప్రశ్నలుంటే అడగమని మైకిచ్చారు. "అయ్యా, మా వల సంగతి ఏమైందయ్యా?" అని అడిగి సంచిని స్టేజీ మీద పెట్టాడు.

"పెద్దాయనా, ఇది అంతర్జాతీయ వేదిక, లోకల్ సమస్యలు తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు పైనున్నాయన. అని, పక్కనున్న కుర్రాడితో మెల్లగా, "ఆ చెత్త తీసెయ్" అన్నారు. మైకు ఆపలేదు. ఊరంతా విన్నది.

చెత్తా? ఏమయ్యా అంతర్జాతీయ సహకారం, ఆ చెత్త మీద మా అమ్మ పుస్తెలతాడు తాకట్టులో ఉంది. ఆ చెత్త వేసే నన్ను కావలిలో డిగ్రీ చదివించాడు, ఈ పూట నీకు తప్పుల్లేకుండా ఉత్తరం రాస్తున్నానంటే అందుకే. నీకు సముద్రమంటే నీలం రంగు మ్యాపు. మా నాయనకి అది రెండింటప్పుడు వినబడే ఇంజను మోత.

మాలో అందరూ సుద్దపూసలని చెప్పను. చిన్న కన్ను వలలేసి పిల్ల చేపని ఊడ్చేవాళ్ళు ఇక్కడా ఉన్నారు. ఏ వల వెయ్యాలన్నదాని మీదే 2020లో చీరాల దగ్గర వాడరేవు, కఠారివారిపాలెం వాళ్ళు కొట్టుకున్నారు. అయినా మా కాపులు, అంటే ఊరి పెద్దలు, కూర్చుని దురాయి అని ఒక కట్టుబాటు పెడితే మర్నాడు ఒక్క బోటు కదలదు. సంతకాలుండవు, జెనీవా ఉండదు. ఆ దురాయి అవతలి రాష్ట్రం బోటుకి తగలదు, అంతే మా లోటు.

బోటు ఎక్కడుందో చెప్పే ట్రాన్స్‌పాండర్ డబ్బా పెడతారంట మా బోట్లకి. దేశం గీత దాటబోతే హెచ్చరిస్తదంట. పెట్టండి. తెల్లారి వల చూసుకుని ఇంటికొచ్చే బోటు మాది, గీత దాకా పోవడానికి డీజిలెక్కడిది? గీత దాటి వచ్చేవాళ్ళని చెప్పే డబ్బా ఉంటే చూడండి, అప్పు చేసైనా కొనుక్కుంటాం.

సభ అయిపోయాక మిక్చరు పొట్లం, లడ్డు ఇచ్చారు. నాయన లడ్డు తాతకిచ్చి, స్టేజీ వెనక పారేసిన సంచిని వెతుక్కుని తెచ్చుకున్నాడు. ఇప్పుడు వరండాలో కూర్చుని ఆ పీలిక నుంచి బెండ్లు కోస్తున్నాడు, కొత్త వలకి పనికొస్తాయని.

14 అర్ధరాత్రి దాటాక బోటు దించుతాం. వీలుంటే రా. మూడో మనిషికి చోటుంది. మా టార్చిలైటులో బ్యాటరీలు అయిపోయినాయి, నీది నువ్వు తెచ్చుకో. నంబరు చివరి దాకా కనబడాలి.