వసంతంలో గది అద్దె తగ్గిస్తే సముద్రం వేడెక్కదు

చలి దేశాల్లో తీరప్రాంతపు చిన్న ఊళ్లలో గెస్ట్‌హౌస్ నడిపేవాళ్లకు వసంతం రాగానే అందరూ ఇచ్చే సలహా ఒకటే: రేటు తగ్గించండి, గదులు నిండుతాయి. వినడానికి బాగానే ఉంటుంది. లెక్క వేస్తే నిలబడదు.

ఒక రాత్రికి గది అద్దె 100 అనుకుందాం. బుకింగ్ సైట్ కమిషన్ 15 పోతుంది. దుప్పట్లు ఉతకడం, గది శుభ్రం చేయడం, కరెంటు, నీళ్లకు ఇంకో 15. మిగిలేది 70. అద్దె 30 శాతం తగ్గిస్తే కమిషన్ పదిన్నరకు దిగుతుంది గానీ ఉతుకుడు ఖర్చు దిగదు. మిగిలేది నలభై నాలుగున్నర. ముందు 10 రాత్రులకు మిగిలిన డబ్బు ఇప్పుడు మిగలాలంటే దాదాపు 16 రాత్రులు గది నిండాలి. పని పెరిగి, మిగులు అక్కడే ఉంటుంది. పోనీ గిరాకీ అయినా అంత పెరుగుతుందా అంటే అదీ అనుమానమే. జనాన్ని ఆపుతున్నది అద్దె అయితే కదా!

నేల కంటే సముద్రం చాలా నెమ్మదిగా వేడెక్కుతుంది. ఉత్తరార్ధగోళపు సమశీతోష్ణ తీరాల్లో నీళ్లు అన్నిటికంటే చల్లగా ఉండేది ఫిబ్రవరి, మార్చి నెలల్లో. వెచ్చబడేది ఆగస్టు, సెప్టెంబరుకు. ఏప్రిల్‌లో ఒడ్డున ఎండ హాయిగా ఉన్నా నీళ్లలో కాలు పెడితే జివ్వుమంటుంది. పైగా వెచ్చటి తేమ గాలి ఆ చల్లటి నీటి మీదుగా వస్తే పొగమంచు కమ్ముకుని తీరమే కనిపించదు. వెబ్‌సైట్‌లో మాత్రం జూలైలో తీసిన ఫొటో ఉంటుంది. ఈత కోసం వచ్చినవాడికి సగం ధరకు గది ఇచ్చినా తిట్టుకుంటూనే వెళ్తాడు, వెళ్తూ వెళ్తూ ఒక్క స్టార్ ఇచ్చి వెళ్తాడు.

ఈ కాలాన్ని ఇష్టపడి వచ్చేవాళ్లు వేరే ఉన్నారు. తీరం వెంబడి నడిచేవాళ్లు, వలస పక్షుల్ని చూసేవాళ్లు, బడి సెలవులతో పని లేని పెద్దవాళ్లు, ల్యాప్‌టాప్ పెట్టుకుని ఎక్కడినుంచైనా పని చేసేవాళ్లు. రాత్రిళ్లు వెచ్చగా ఉండే గది, తడిసిన బూట్లు ఆరబెట్టుకునే చోటు, తెగిపోని ఇంటర్నెట్, తెల్లవారుజామునే ఏదో ఒక టిఫిను దొరికితే వీళ్లు రేటు గురించి పెద్దగా బేరమాడరు. ఎక్కువ రోజులు ఉంటారు కూడా. నలుగురు ఒక్కో రాత్రి ఉండి వెళ్తే నాలుగుసార్లు దుప్పట్లు మార్చాలి. ఒకరే నాలుగు రాత్రులు ఉంటే ఒక్కసారి చాలు. డిస్కౌంట్ ఇవ్వాలనే ఉంటే ఆ నాలుగో రాత్రికి ఇవ్వండి.

చలికాలమంతా మూసి ఉన్న ఇంటిని తెరవడం కూడా తేలిక కాదు. పైపుల్లో నిలిచిపోయిన నీళ్లలో లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరగొచ్చు. 20 నుంచి 45 డిగ్రీల సెల్సియస్ వేడి దానికి అనుకూలం. షవర్ తుంపరలతో ఊపిరితిత్తుల్లోకి చేరితే తీవ్రమైన న్యుమోనియా రావచ్చు. మొదటి అతిథి రాకముందే ప్రతి కుళాయినీ బాగా పారనిచ్చి, వేడినీళ్ల ట్యాంకును 60 డిగ్రీల దగ్గర ఉంచడం తప్పనిసరి. ఎండ వచ్చింది కదా అని కిటికీలన్నీ బార్లా తెరిస్తే ఇంకో తంటా: బయటి తేమ గాలి ఇంకా చల్లగా ఉన్న గోడలకు తగిలి చెమ్మ పడుతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే, సముద్రపు గాలితో వచ్చి పేరుకున్న ఉప్పు దాన్ని పీల్చుకుని కరుగుతుంది కాబట్టి, వాన చుక్క పడకపోయినా గొళ్లేలు తుప్పు పడతాయి. గదులన్నీ నింపాలన్న ఆత్రం కంటే, రెండు గదులు మూసి వంతులవారీగా బాగు చేసుకోవడమే లాభం.

అసలు చిక్కు గెస్ట్‌హౌస్ గోడల బయట ఉంది. బస్సులు వేసవి వచ్చేదాకా అంతంతమాత్రం. పడవకు ఇంకా రంగులే వేస్తుంటారు. మనుషులు లేరని భోజనం పెట్టే హోటల్ తెరవరు, హోటల్ లేదని మనుషులు రారు. ఈ ముడి విప్పగలిగేది గెస్ట్‌హౌస్ యజమానే, ఎందుకంటే ఎవరు ఎప్పుడు వస్తున్నారో ముందుగా తెలిసేది ఆయనకే. ‘గురువారం నుంచి ఆదివారం దాకా తొమ్మిది మంది ఉంటారు’ అని హోటల్‌కీ, పడవవాళ్లకీ ముందే చెబితే వాళ్లూ ఆ నాలుగు రోజులకు సిద్ధమవుతారు. చాలామంది ఈ అంకెల్ని పక్క గెస్ట్‌హౌస్‌కు తెలియకూడని రహస్యంలా దాస్తారు. నా దృష్టిలో అది శుద్ధ తెలివితక్కువతనం. తినడానికి చోటు లేని ఊళ్లో ఎవరి గదీ నిండదు.

ఇక రేటు తగ్గించకపోవడం వల్లే ఏప్రిల్ పోయిందని టెన్షన్ పడేముందు క్యాలెండర్ చూడాలి. ఈస్టర్ సెలవులకు జనం కదిలే చాలా దేశాల్లో ఆ పండుగ మార్చి 22కీ ఏప్రిల్ 25కీ మధ్య ఎప్పుడైనా రావచ్చు. 2024లో మార్చి 31న వచ్చింది, 2025లో ఏప్రిల్ 20న. అలాంటప్పుడు ఒక ఏప్రిల్‌ను ఇంకో ఏప్రిల్‌తో పోల్చడం దండగ. మార్చి, ఏప్రిల్ కలిపి, రాత్రికి ఎంత మిగిలిందో చూసుకోవాలి.