ఉచిత సిలిండర్‌కు ముందు డబ్బు ఎవరు కట్టాలి?

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉచితంగా గ్యాస్ సిలిండర్లిచ్చే దీపం-2 పథకం మీద నాకు కోపం లేదు. డబ్బులిచ్చే పద్ధతి మీదే కోపమంతా. ఏడాదికి మూడు సిలిండర్లంటే పేదింటికి చిన్న సాయం కాదు. తెల్ల రేషన్ కార్డు, గ్యాస్ కనెక్షన్, ఆధార్ ఉంటే చాలన్నారు, అదీ బాగానే ఉంది. కానీ సిలిండర్ గుమ్మం ముందుకొచ్చినప్పుడు మొత్తం డబ్బు మనమే కట్టాలి. 48 గంటల్లో ఖాతాలో తిరిగి వేస్తామని మాట.

మా తిరుపతిలోని జీవకోన వైపు పూలు కట్టి, లాడ్జీల్లో గదులు ఊడ్చి బతికే ఆడవాళ్లు ఎంతోమంది. నెలాఖరులో వాళ్ల చేతిలో ఎనిమిది, తొమ్మిది వందలు ఒక్కసారిగా ఎక్కడుంటాయి? నాలుగు నెలలకొక సిలిండర్ లెక్క. గడువులోపు బుక్ చేయకపోతే అది పోయినట్టే. అంటే చేతిలో డబ్బున్న ఇంటికి మూడూ వస్తాయి, లేని ఇంటికి ఒకటో రెండో. కొందరు వడ్డీకి తెచ్చి కడుతున్నారు. ఉచిత సిలిండర్‌కు వడ్డీ! మేడ మీదికి ఎక్కించినందుకు అడిగే పైడబ్బులైతే ఏ ఖాతాలోనూ తిరిగి పడవు.

"దుడ్లు పడినాయేమో చూడు నాయనా" అని పక్కింటి అవ్వ ఫోన్ తెచ్చిస్తుంది. చూస్తే పడలేదు. బ్యాంకువాళ్లు ఏజెన్సీని అడగమంటారు, ఏజెన్సీవాళ్లు వార్డు సచివాలయానికి పొమ్మంటారు. చివరికి తేలిందేమంటే, డబ్బు పడింది, కానీ అవ్వ ఎప్పుడో తెరిచి మరిచిపోయిన ఇంకో బ్యాంకు ఖాతాలో. ఆధార్ చివరిసారి ఏ ఖాతాకు లింక్ చేస్తే డబ్బు దాంట్లోకే పోతుంది, మనం రాసిచ్చిన పాస్‌బుక్‌లోకి కాదు. ఈ ముక్క బుక్ చేసేటప్పుడే చెప్పే నాథుడు లేడు.

దొంగ కనెక్షన్లు అరికట్టాలంటే ఇలాగే ఖాతాల్లో వేయాలంటారు. 2013లో గ్యాస్ సబ్సిడీని ఖాతాల్లో వేయడం మొదలుపెట్టినప్పుడు తొలి విడత జిల్లాల్లో మన చిత్తూరు కూడా ఉంది. కాబట్టి ఆ వాదన మాకు కొత్త కాదు. ఆధార్, ఈకేవైసీ అన్నీ అయిపోయాక కూడా పేదవాళ్లే ప్రభుత్వానికి అప్పు ఇవ్వాలా?

ఒకటో తారీఖున 4,000 రూపాయల పింఛను ఇంటికి తెచ్చి చేతిలో పెట్టే ప్రభుత్వమిది. ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు నెలకు 200 యూనిట్ల కరెంటు రాయితీని బిల్లులోనే తీసేస్తోంది, ముందు కట్టి తర్వాత తీసుకోమనడం లేదు. ఆ పని చేసే విద్యుత్ సంస్థ ప్రధాన కార్యాలయం మన తిరుపతిలోనే ఉంది. కరెంటుకు కుదిరింది గ్యాస్‌కు ఎందుకు కుదరదు? ఓటీపీ చెప్పగానే ఆ డబ్బేదో ప్రభుత్వమే డీలర్‌కు కట్టొచ్చు. లేదా బుక్ చేసిన రోజే ఖాతాలో వేయొచ్చు.

అంతవరకు, బుక్ చేసే ముందు మీ ఆధార్ ఏ బ్యాంకుకు లింక్ అయి ఉందో కనుక్కోండి. డబ్బు పడకపోతే పౌరసరఫరాల శాఖ హెల్ప్‌లైన్ 1967కు ఫోన్ చేయండి. ఎత్తేదాకా చేయండి.