అయ్యగారూ, త్వరగా ముగించండి!

చర్చిలో పాస్టరుగా నేను చేసే ప్రసంగం 20 నిమిషాలు దాటకూడదట! కమిటీ తీర్మానం. మరి ప్రకటనలకు, శాలువాలకు, ఫొటోలకు అరగంట ఎక్కడి నుంచి వస్తోంది? బైబిల్లో 117వ కీర్తనలో ఉన్నవి 2 వచనాలే. ఆ రెండూ చదివే ఓపిక కూడా లేదా? వచనం కోసం ఫోను తెరుస్తారు, ఈలోగా ఏదో సందేశం వస్తుంది, ఇక తల పైకెత్తరు. ప్రభువు బల్ల దగ్గర సంస్కారంగా రొట్టె విరిచే వేళ ఎవరి జేబులోనో సినిమా పాట! ఆపడానికి తొందర కూడా ఉండదు.

డ్రమ్స్ వద్దని నేనెప్పుడూ అనలేదు. పిల్లలు వాయిస్తే నాకూ సంతోషమే. కానీ స్పీకర్‌ను ముందు వరుస పక్కనే పెట్టాలా? అక్కడ కూర్చునే ముసలమ్మ కొంగు చెవులకు అదుముకుని పాడుతుంది. పల్లవి నుంచి చివరి చరణం దాకా ఆమెకు కంఠతా వచ్చు. ఆమె గొంతు ఆమెకే వినిపించదు. ఇది ఎవరి కోసం చేస్తున్న ఆరాధన?

ఇంటికి వస్తానంటే "ఈ వారం వద్దు అయ్యగారూ" అంటారు. వేలూరు ఆసుపత్రిలో ఎవరైనా చేరితే మాత్రం చిత్తూరు నుంచి రాత్రికి రాత్రే రావాలి. వస్తాను. మోకాళ్లు సహకరించకపోయినా వస్తాను, అది నా పని. మరి మామూలు రోజుల్లో మీ గుమ్మం నాకెందుకు మూసుకుపోతోంది?

ఇక ఎన్నికలు! 1947లో వేర్వేరు సంప్రదాయాల సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) అయ్యాయి. మనమేమో కోశాధికారి పదవి కోసం ఒకే గుడిలో రెండు వర్గాలు. ఒకరికొకరు వందనం కూడా చెప్పుకోరు. అలాగే వచ్చి ప్రభువు బల్ల ముందు ఎలా మోకరిస్తున్నారు?