చల్ల మిరపకాయలు కాస్తా చల్లటి మిరపకాయలయ్యాయి

నిన్న మళ్లీ ఒకాయన ఫోన్ చేశాడు. చిన్న వ్యాపారులకు ఏఐ మార్కెటింగ్ నేర్పుతాడట, మూడు రోజుల ఆన్‌లైన్ క్లాసట. ఒకసారి ఇలాంటి క్లాసుకే డబ్బు కట్టి మునిగాను బాబూ, మళ్లీ మునిగే ఓపిక లేదని పెట్టేశాను. ఆ మునగడం ఎలా జరిగిందో ఇక్కడ రాస్తే ఇంకొకరైనా తప్పించుకుంటారేమో.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంట్లోనే వడియాలు, అప్పడాలు, చల్ల మిరపకాయలు చేసి అమ్ముతాం. చేసేది మా అత్తయ్య, ఫోన్లో అమ్మేది నేను. అడుగు తీసి అడుగేస్తే పాతపట్నం, అంటే ఆంధ్ర. కొనేవాళ్లలో సగం తెలుగువాళ్లు, సగం ఒడియావాళ్లు. వడియాల్ని ఒడియాలో బడి అంటారు. వేసవిలో పఖాళలోకి, అంటే నీళ్లు పోసి నానబెట్టిన అన్నంలోకి, బడి లేకపోతే వాళ్లకు ముద్ద దిగదు.

పోయిన వేసవిలో ఆ క్లాసులో చెప్పినట్టే ఏఐతో ఫోటో చేయించాను. తెల్లటి పింగాణీ పళ్లెం, గుండ్రంగా అన్నీ ఒకే సైజు వడియాలు, పక్కన ఏదో ఆకు. అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని చూసి, "ఏటే ఇవి, వడియాలా రసగుల్లాలా? ఎవలు పెట్టారు? నాను పెట్టనేదు" అంది. నేను వినలేదు. స్టేటస్‌లో పెట్టాను, గ్రూపుల్లో పెట్టాను. విశాఖ నుంచి ఒకావిడ రెండు కేజీలు తెప్పించుకుంది. పార్సిల్ విప్పి, "అమ్మా, ఫోటోలో ఉన్నవి ఇవి కావు కదా" అని మెసేజ్ పెట్టింది. ఏం చెప్పను? డబ్బు వెనక్కి పంపాను.

మా వడియం అందంగా ఉండదు. బూడిద గుమ్మడికాయ ముక్కల్ని ఉప్పేసి, గుడ్డలో మూటగట్టి, పైన రుబ్బురాయి పెడితే రాత్రంతా నీరు కారుతుంది. ఆ ముక్క మినప్పిండిలోంచి అక్కడక్కడా పొడుచుకొస్తుంది. డాబా మీద పాత పంచె పరిచి పెడతాం కాబట్టి, ఒలిచినప్పుడు అడుగున ఆ నేత అచ్చు పడి ఉంటుంది. తెలిసినవాళ్లు చేతిలోకి తీసుకోగానే ముందు తిరగేసి అదే చూస్తారు. ఏఐ బొమ్మలో వడియానికి అడుగే లేదు.

తర్వాత భాష సంగతి. నాకు ఒడియా మాట్లాడ్డం వచ్చు, రాయడం అంతంతమాత్రం. అందుకని ధరల పట్టీ ఏఐ చేత ఒడియాలోకి మార్పించి పంపేశాను. సాయంత్రానికి ఎదురింటి ఒడియా పిల్ల నవ్వుకుంటూ వచ్చింది. చల్ల మిరపకాయలు కాస్తా 'థండా లంకా' అయ్యాయి. చల్లటి మిరపకాయలట! పాపం, దానికి మజ్జిగ తగలలేదు. ఇది చాలదన్నట్టు ఆటోమేటిక్ జవాబులు కూడా పెట్టాను. ఒకాయన ఇంగ్లీషు అక్షరాల్లో "బడి అఛి కి?" అని అడిగాడు, వడియాలున్నాయా అని. దానికి వెళ్లిన జవాబు: "క్షమించండి, మేము పాఠశాల నిర్వహించడం లేదు." ఆయన స్క్రీన్‌షాట్ తీసి ఊరంతా తిప్పాడు. నిజం చెప్పాలంటే, ఆ వారం మాకు వచ్చిన ప్రచారం అదొక్కటే.

తెలుగులో రాయమంటే ఇంకో గోల. "మా సంప్రదాయ రుచులతో మీ భోజన ప్రయాణాన్ని మధురానుభూతిగా మలచుకోండి." ఎవరు మాట్లాడతారండీ ఇలా? గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ ఊళ్లోనే పిల్లలకు చదువు చెబుతూ వాడుక భాష కోసం పెద్ద పెద్ద పండితులతో తగువు పడ్డారు. ఏటా ఆగస్టు 29న ఆయన ఫోటోకి దండ వేస్తాం. మర్నాడే ఇలాంటి వాక్యాలు ఫార్వర్డ్ చేస్తాం. దసరాకి మా బజార్లో బట్టల కొట్టు, మందుల షాపు, సిమెంటు డీలరు, అందరి శుభాకాంక్షలూ ఒకటే. పేరు చెరిపేస్తే ఎవరివో పోల్చుకోలేం.

ఇవన్నీ నవ్వుకునేవి. ఒకటి మాత్రం భయపెట్టింది. మిరపకాయల్లో మెంతిపిండి కూరుతామని చెప్పానని, "మధుమేహాన్ని నియంత్రిస్తుంది" అని ఏఐ పోస్టరు రాసిచ్చింది. అందులో ఎంత ఉప్పుంటుందో నాకు తెలుసు. బీపీ ఉన్నవాళ్లు అడిగితే నేనే వద్దంటాను. 2006 ఆహార భద్రత చట్టంలో 53వ సెక్షన్ కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. యంత్రం రాసింది సార్ అంటే వదిలేస్తారా? ప్యాకెట్ మీద పేరు మాది. మా ఇల్లు అమ్మినా అంత రాదు.

ఏఐ అసలు వద్దనడం లేదు. కొరియర్ అడ్రసుల్ని పిన్ కోడ్ల ప్రకారం సర్దిపెడుతుంది, నెలాఖరు లెక్కలు చూస్తుంది. ఒడియా చిత్తు ఇప్పటికీ దానితోనే రాయించుకుంటాను, కాకపోతే ఎదురింటి పిల్ల చదివాకే పంపుతాను. మా గుమాస్తా అనుకోండి. గుమాస్తాని గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టి మనం సినిమాకి పోం కదా.

క్లాసులో ఒక్కరూ చెప్పని సంగతి ఇంకొకటుంది. వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ మెసేజ్ మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. ఎంత అందంగా రాయించినా, అవతలి మనిషి మనల్ని ఫోన్లో దాచుకోకపోతే అది ఎక్కడికీ పోదు. మా నంబరు కొందరి ఫోన్లలో 'వడియాల మామ్మ' అని ఉందట, ఒకాయన దగ్గర 'బడి మాఉసి' అని, అంటే వడియాల పిన్ని. ఆ పేర్లు నేను పెట్టమన్నవి కావు.

సోమవారం అత్తయ్య చెప్పింది చెప్పినట్టు టైపు చేసి పంపాను: "ఎండ బాగా కాస్తంది. గుమ్మడొడియాలు శుక్రవారానికి ఎండుతాయి. కావలసినోళ్లు చెప్పండి." రాత్రికి ఇరవై ఆరు ఆర్డర్లు వచ్చాయి. బుధవారం మబ్బేసింది. "శుక్రవారం కాదు, ఆదివారం" అని ఇంకో మెసేజ్ పెట్టాను. ఒక్కరూ తిట్టలేదు. మహేంద్రగిరి కొండ వైపు నల్లగా ఉందమ్మా, గుడ్డలు తీసేశారా అని ఇద్దరు అడిగారు.