చలికి విరిగే పట్టా: చూడాల్సింది వేసవి అతుకులనే

కాజీపేట–బల్లార్షా మార్గంలో కాగజ్‌నగర్ పరిసరాల్లో చలికాలం తెల్లవారుజామున రైలు పట్టా 10 డిగ్రీలకు చల్లబడుతుంది. వేసవి మధ్యాహ్నం అదే పట్టా 60 దాటుతుంది. కిలోమీటర్ల పొడవున వెల్డింగ్ చేసిన పట్టాకు సాగేందుకు, కుంచించుకునేందుకు చోటుండదు. ఆ ఒత్తిడంతా లోపలే ఉండిపోతుంది. మీటరుకు 60 కిలోలు తూగే పట్టాలో ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ మారినప్పుడల్లా సుమారు 1.9 టన్నుల బలం పుడుతుంది. డీస్ట్రెసింగ్ (పట్టాలో ఒత్తిడి లేకుండా చేసి బిగించడం) 40 డిగ్రీలకు చేసి ఉంటే, 10 డిగ్రీల చలిలో పట్టా మీద 57 టన్నుల లాగుడు పడుతుంది.

లోపం లేని పట్టా దీనికి చెక్కుచెదరదు. 880 మెగాపాస్కల్ ఉక్కు తెగాలంటే దాదాపు 690 టన్నులు కావాలి. తెగేది థర్మిట్ వెల్డింగ్‌లో (కరిగిన లోహం పోసి చేసే అతుకులో) బుడగ మిగిలిన చోట, క్లిప్‌కూ పట్టాకూ మధ్య ఉండే లైనర్ కింద పట్టా పాదాన్ని తుప్పు తిన్న చోట.

మేలో అల్ట్రాసోనిక్ పరీక్షలో లోపం దొరుకుతుంది. ఆ ముక్క కోసి, ఎండకు పట్టా 50 డిగ్రీల్లో ఉండగా కొత్త ముక్క వేసి వెల్డింగ్ చేస్తారు. ఇదే వేసవి అతుకు. రైళ్లు నడుస్తాయి, పని అయిపోయిందనుకుంటారు. నిజానికి అక్కడ పట్టా ఒత్తిడి లేకుండా ఉండేది ఇక 50 దగ్గరే. డిసెంబర్‌లో అక్కడ లాగుడు 57 కాదు, 76 టన్నులు. పైగా అతుకు ముక్కకు అటొకటి, ఇటొకటి కొత్త వెల్డింగులు!

దీన్ని మళ్లీ డీస్ట్రెస్ చేసి సరిచేయడానికి అక్టోబర్, నవంబర్ ఉదయాలే అనువు. రెండువైపులా 125 మీటర్ల చొప్పున, పట్టాను స్లీపర్‌కు పట్టి ఉంచే క్లిప్పులు విప్పి, ప్రతి 15వ స్లీపర్ మీద రోలర్ పెట్టి, చెక్క సుత్తులతో తడుతూ పట్టాను స్వేచ్ఛగా కదలనివ్వాలి. పట్టా 25 డిగ్రీల్లో ఉంటే, 40 డిగ్రీల పొడవుకు తేవడానికి ఆ 250 మీటర్లను 43 మిల్లీమీటర్లు సాగదీయాలి. పట్టాను లాగే హైడ్రాలిక్ టెన్సర్‌తో లాగి పట్టి వెల్డింగ్ చేయాలి. వెల్డింగ్ చల్లారకముందే టెన్సర్ వదిలేస్తే చేసిన పనంతా వృథా.

ట్యాంపింగ్ (స్లీపర్ల కింద కంకరను మిషన్‌తో కూరి గట్టిపరచడం) అవసరం లేదని కాదు. వానల్లో నల్లరేగడి బురద కంకరలోకి ఎక్కితే వెల్డింగ్ కింద స్లీపర్ వేలాడుతుంది. 22.9 టన్నుల యాక్సిల్ పడ్డప్పుడల్లా అతుకు వంగి లేస్తుంది. బురద కంకరను జల్లించకుండా మిషన్‌తో ప్యాకింగ్ చేస్తే కొద్ది వారాలు నిలవడమే గొప్ప. కిలోమీటరుకు 1,660 స్లీపర్లు, స్లీపర్‌కు నాలుగు క్లిప్పులు. క్లిప్ మధ్యకాలు, స్లీపర్‌లో దాన్ని పట్టే ఇన్సర్ట్ అంచుతో సమంగా ఉండాలి, కింద రబ్బరు ప్యాడ్ నలగకుండా ఉండాలి. రోజూ పట్టాల వెంట నడిచి చూసే కీమన్ సుత్తి తగిలితే వదులు క్లిప్ మోతలోనే తెలిసిపోతుంది. క్లిప్పులూ కంకరా పట్టు తప్పితే, పట్టా విరిగినప్పుడు పడే సందు ఇంకా పెద్దదవుతుంది.

కానీ మిషన్ నడిస్తే ప్రగతి నివేదికలో కిలోమీటర్లు కనిపిస్తాయి. మూడు గంటల బ్లాక్ (పని కోసం రైళ్లు ఆపే సమయం) తీసుకుని 250 మీటర్లు డీస్ట్రెస్ చేస్తే అంకె చిన్నదే. దసరా, దీపావళి ప్రత్యేక రైళ్ల నడుమ ఆ బ్లాకే ముందు రద్దవుతుంది. చలిలో రాత్రి గస్తీ తిరిగే ట్రాక్‌మన్ విరిగిన పట్టాను కనిపెట్టగలడు, విరగకుండా ఆపలేడు. అందుకే ప్రతి సెక్షన్‌లో వేసవి అతుకుల జాబితా, వేసిన నాటి పట్టా ఉష్ణోగ్రతతో సహా, సెప్టెంబర్‌లోనే రైళ్లు నడిపే ఆపరేటింగ్ విభాగం చేతిలో ఉండాలి. ట్యాంపింగ్ మిషన్‌కన్నా ముందు వాటికే బ్లాకులు ఖాయం చేయాలి.