ఫిట్స్ ఆగినా బిడ్డ పలకకపోతే

పడిశం, దగ్గు, జ్వరం. రెండ్రోజుల్లో తగ్గుతుందిలే అనుకుంటాం. చాలామంది పిల్లలకు తగ్గిపోతుంది కూడా. కానీ ఆ జ్వరం ఇన్‌ఫ్లుయెంజా (ఫ్లూ) అయితే కొందరు పసివాళ్లకు మెదడు దాకా పోతుంది. ఈ సంగతి తల్లులకు ముందే చెప్పేవాళ్లు తక్కువ.

ఎక్కువగా వచ్చేవి జ్వరం ఫిట్స్. 6 నెలల నుంచి 5 ఏళ్ల లోపు పిల్లల్లో కనిపిస్తాయి. చాలావరకు 5 నిమిషాల్లోపే ఆగిపోతాయి, మెదడుకు హాని మిగల్చవు. బిడ్డ కళ్లు తేలేస్తే ఆ ఇంట్లో ఎంత టెన్షనో మాకు తెలుసు. ఆ కంగారులోనే చేతిలో తాళాలు పెడతారు, పళ్ల మధ్య చెంచా దూరుస్తారు. దయచేసి వద్దు. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి టైమ్ చూడండి. 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి.

ఫిట్స్ ఆగాక కూడా బిడ్డ తెలివిలోకి రాకపోతే, పిలిస్తే పలకకపోతే, అమ్మను గుర్తుపట్టకపోతే అది వేరే జబ్బు కావచ్చు. జ్వరం మొదలైన ఒకటి రెండు రోజుల్లోనే రావచ్చు. వైరస్‌తో ఒళ్లు చేసే పోరాటమే అదుపు తప్పి మెదడు వాచిపోతుంది. అరుదే గానీ, వస్తే గంటల్లో ప్రాణం మీదికొస్తుంది. బతికిన పిల్లల్లోనూ కొందరికి మాట, నడక దెబ్బతింటాయి.

ఆ గంటలు మన దగ్గర దారిలోనే కరిగిపోతాయి. ఆదోని నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి దాదాపు 100 కిలోమీటర్లు. కోసిగి వైపు నుంచైనా దూరమే. పైగా అక్కడి కుటుంబాలు పిల్లల్ని వెంటబెట్టుకుని సుగ్గికి, అంటే కూలి వలసకు, గుంటూరు మిరప చేలకు పోతాయి. ఫ్లూ వానాకాలంలోనే కాక జనవరి నుంచి మార్చి దాకా కూడా ముదురుతుంది. మిరప కోతలూ అప్పుడే. గుడిసెలో బిడ్డకు జ్వరమొస్తే దగ్గర్లోని ఆర్‌ఎంపీయే దిక్కు. పిల్లల జ్వరానికి ఆస్పిరిన్ ఇవ్వకూడదని, ఇస్తే మెదడు, కాలేయం దెబ్బతినే రేయీస్ సిండ్రోమ్ రావచ్చని ఆ ఆర్‌ఎంపీకీ తెలియాలి.

ప్రతి పీహెచ్‌సీలో ఫిట్స్ ఆపే మిడజోలం ముక్కు స్ప్రే, పిల్లలకిచ్చే ఫ్లూ మందు ఒసెల్టామివిర్ ఉండాలి. ఒసెల్టామివిర్ జ్వరమొచ్చిన తొలి 48 గంటల్లో మొదలైతేనే బాగా పనిచేస్తుంది.

ఇక టీకా. 6 నెలలు నిండినప్పటి నుంచి 5 ఏళ్ల లోపు పిల్లలందరికీ ఏటా ఫ్లూ టీకా వేయాలని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల్లో అది లేదు. మొదటిసారి నెల తేడాతో రెండు డోసులు కొనాలి. కూలి డబ్బుతో అది అయ్యే పని కాదు. రాష్ట్ర ప్రభుత్వం ముందుగా వలస మండలాల అంగన్‌వాడీల్లో, కుటుంబాలు సుగ్గికి బయల్దేరక ముందే, ఆ రెండు డోసులూ ఉచితంగా వేయించాలి.